వదులు కొలత

జూన్ 3

ఏమే గుండుసూదీ,

ఎలా ఉన్నావు? మీ అత్తయ్య నీతో ఫోన్లో గంటసేపు మాట్లాడి, చివర్లో "ఇదిగో మావయ్య" అంటూ ఫోను నా చెవికి ఆనిస్తుంది. నాకేమో నీ మాటలు పక్కగదిలో కుట్టుమిషన్ తిరుగుతున్నట్టు వినిపిస్తాయి. నేను "ఊఁ ఊఁ" అంటాను, నువ్వు నేను ఒప్పుకున్నాననుకుంటావు. పోయినసారి అలాగే చెవి మిషన్ కొనుక్కోవడానికి ఒప్పుకున్నానట! అందుకే ఈ ఉత్తరం. చేరడానికి పది రోజులు పడితే పట్టనీ.

అసలు కబురేమిటంటే, మూడో ఏడాది కొలతలు నిన్నటితో పూర్తయ్యాయి. నాలుగు వేల రెండు వందల పన్నెండు చెట్లు. ఒక్కో చెట్టుకీ ఛాతీ ఎత్తులో ఎర్రరంగు గీత, గీత మీద టేపు, టేపు మీది అంకె ఫారంలో. కొండవాలు ఎక్కి దిగి మోకాళ్ళు అరిగాయి గానీ మనసు బాగుంది.

రెడీమేడ్ షాపులు వచ్చాక నా మిషన్ మీద దుమ్ము తప్ప గుడ్డ పడలేదని నీకు తెలుసుగా. వారానికి రెండు జిప్పులు, ఒక ప్యాంటు పొడవు తగ్గింపు. సరిగ్గా అలాంటప్పుడే చెట్లు పెంచేవాళ్ళ సంఘం ప్రెసిడెంటు షాపు మెట్టెక్కి, "కొలవడం అంటే నువ్వే. నలభై ఏళ్ళలో నీ కొలతకి వంక పెట్టినవాడు లేడు" అన్నాడు. జీతం ఎంతో కూడా అడక్కుండా ఒప్పుకున్నాను. మీ అత్తయ్య ఆ సంగతి ఇప్పటికీ దెప్పుతుంది.

మొన్న పాలావిడ నన్ను ఆపి, ఈ వ్యవహారం ఏమిటో ఒక్క ముక్కలో చెప్పమంది. కొత్తగా నాటినవాటిలో ఎక్కువ చెట్లు ఆవిడవే. చెప్పాను: నువ్వున్న ఆ పెద్ద దేశంలో ఫ్యాక్టరీలు పొగ వదులుతాయి, ఇక్కడ మన చెట్లు ఆ పొగలోని బొగ్గుని మింగి లావెక్కుతాయి, ఎంత లావెక్కితే అంత మింగినట్టు లెక్క, ఆ లెక్కని వాళ్ళు కొనుక్కుంటారు అని. "అయితే పొగ పెట్టేది వాళ్ళు, పొట్ట పెంచేది మన చెట్లా?" అంది. అలా అన్నా, కిందటి విడతలో వచ్చిన డబ్బుతో కొండ మీద నర్సు గది వెలిసింది కాబట్టి ఆవిడకి కోపమేం లేదు. వాళ్ళాయనకి రోజూ ఇంజెక్షన్ అక్కడే వేస్తారు. అంతకుముందు బస్సెక్కి వెళ్ళేవాళ్ళు.

ఈ కొలతలు సరిచూడటానికి మీ ఆఫీసుకే వస్తాయట. నా అంకెలు చూసి నవ్వకు.

నీ అత్తయ్య చేత తిట్లు తింటూ,
మావయ్య

జూన్ 20

మావయ్యా,

నీ కొలతల పుస్తకం నకలు నా బల్ల మీదికే వచ్చింది! ఏడు అంకె నడుముకి అడ్డగీత చూడగానే గుర్తుపట్టేశాను. చిన్నప్పుడు నీ షాపులో బల్లకింద కూర్చుని గుండుసూదులు ఏరుతూ నేర్చుకున్న ఏడు అది. ఇక్కడ మూడో అంతస్తులో, తెరుచుకోని కిటికీ పక్కన కూర్చుని ఒక్కదాన్నే నవ్వుతుంటే ఎదురు సీటాయన బెంగపడ్డాడు.

పాలావిడకి నువ్వు చెప్పింది బాగుంది, ఒక్కటి తప్ప. ఇది ఏదో ఫ్యాక్టరీ చేసే బేరం కాదు. రెండు ప్రభుత్వాలు సంతకం పెట్టుకున్న ఒప్పందం. మన చెట్లు తగ్గించిన పొగ ఈ దేశం లెక్కలో పడితే, మన దేశం తన లెక్కలోంచి దాన్ని తీసేయాలి. ఒక చొక్కా ఇద్దరు తొడుక్కోలేరు కదా! అందుకే కొలత అంటే ఇక్కడ అంత పట్టింపు.

ఇప్పుడొక చిన్న సంగతి. పెద్ద చెట్ల అంకెలు చక్కగా ఉన్నాయి. లేత చెట్లు మాత్రం వయసుకి మించి లావున్నాయి, అదీ అన్నీ ఒకేలాగ. మూడేళ్ళ లెక్కల్లోనూ అదే వరస. టేపు మొదట్లో ఒక అంగుళం అరిగి ఊడిపోయిందేమో ఒకసారి చూస్తావా? టేపు ఎలా పట్టుకుంటావో కూడా రాయి. ఇది నీకూ నాకూ మధ్య మాటే, ఎవరితో అనకు.

అత్తయ్యకి చెప్పు, నేను సన్నబడలేదు, ఫోటోలో కోటు పెద్దదైంది. కోటు నువ్వు కుట్టి ఉంటే ఆ మాట వచ్చేది కాదు.

నీ గుండుసూది

జూలై 2

ఆఫీసరు మేనకోడలు గారికి,

మీ లేఖ అందింది.

టేపు సంఘంవాళ్ళు ఇచ్చింది, కొత్తది. ఇనప స్కేలు పక్కన పెట్టి మూడుసార్లు చూశాను. ఒక్క గీత తేడా లేదు. అంగుళం ఊడిపోతే తెలుసుకోలేని గుడ్డివాడిని కాను, నా లోపం చెవిలో ఉంది.

నువ్వు అడిగింది టేపు గురించి కాదని నాకు తెలుసు. పక్క కొండ సంఘంలో ఒకడు చెట్టునీడన కూర్చుని అంకెలు రాసేశాడని పోయినేడు పేపర్లో పడింది. మీ మావయ్య కూడా ఆ బాపతేనా అని నీ అనుమానం. కొనేవాడు గుడ్డ చేతిలో పట్టుకుని ఎప్పుడూ పల్చగా ఉందనే అంటాడు, అంటేనే కదా ధర తగ్గేది. నీకు అక్కడి గాలి బాగానే వంటబట్టింది.

దాచడానికి నా దగ్గరేం లేదు కాబట్టి నీ ఉత్తరం సంఘం మీటింగులో పైకి చదివాను. అందరూ ఒక్కసారి లేచారు. పాలావిడ, "పొమ్మనలేక పొగబెట్టడమంటే ఇదే, ఒప్పందం వదిలించుకోవడానికి వంక వెతుకుతున్నారు" అంది. నర్సు గది మూతపడుతుందని అప్పుడే సగం మంది తేల్చేశారు. ప్రెసిడెంటు మాత్రం నా భుజం మీద చెయ్యేసి, "నీ కొలత మీద మాకు నమ్మకం ఉంది" అన్నాడు. అది చాలు నాకు.

ఇట్లు,
కొలతలవాడు

జూలై 4

మావయ్యా,

నా ఉత్తరం అంది ఉంటుంది, నీ జవాబు దారిలో ఉండి ఉంటుంది. ఈలోగా ఇది.

నిన్న పై అధికారి గదిలోకి వెళ్ళి, ఈ కొలతలు తీసినాయన మా మావయ్య అని చెప్పాను. అలా చెప్పడం ఇక్కడ రూలు. మొదటిరోజే చెప్పాల్సింది, నీ చేతిరాత చూసిన సంబరంలో ఆలస్యం చేశాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఫైలు ఎదురు సీటాయనకి ఇచ్చేశాడు. అంటే ఇకమీద ఆ పుస్తకం తెరవడానికి నాకు వీల్లేదు. సెప్టెంబరు నెలాఖర్లో తనిఖీవాళ్ళు వచ్చి వంద చెట్లు వాళ్ళే కొలిచి చూస్తారు.

నేను తప్పుకోవడం నీ మంచికే. నీ కొలత సరైనదని తేలాక, మేనకోడలు ఉంది కాబట్టి గట్టెక్కాడని ఎవరూ అనకూడదు.

ఇక్కడ వేసవి అంటున్నారు, నేను ఇంకా స్వెట్టరు విప్పలేదు. మేడమీది నా గదిలో నీళ్ళగొట్టం రాత్రంతా గుటకలు వేస్తోంది. జవాబు త్వరగా రాయి.

గుండుసూది

జూలై 17

అమ్మాయీ,

తప్పుకున్నావని రాశావు. మంచిది. పేరుకి మచ్చ అంటుతుందనుకుంటే దూరం జరగడం తెలివైనవాళ్ళ పని.

ఇలా రాసి ఉత్తరం మడవబోతే మీ అత్తయ్య లాక్కుని చదివింది. చదివి నాతో మాట్లాడటం మానేసింది. మానేసే ముందు మాత్రం చాలా మాట్లాడింది. "గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ వరస. ఆ పిల్ల నిన్ను దొంగ అందా? టేపు ఎలా పట్టుకుంటావని అడిగింది. అడిగినదానికి జవాబు చెప్పావా? మధ్యలో దాని ఉత్తరం ఊరందరికీ చదివి పెట్టావు, అదేమో నీకు మాత్రమే రాసుకుంది" అంది. సంఘం బయట అరుగు మీద కూర్చుని ఆ మాట గంటసేపు ఆలోచించాను. నీ ఉత్తరం చదవడం తప్పే. కోపంలో చేశాను.

సరే, అడిగావు కాబట్టి చెబుతున్నాను. ఇందులో చెప్పడానికేం లేదు. మా గురువు నేర్పినట్టే పట్టుకుంటాను. టేపు చుట్టాక ఎడమచేతి వేలు ఒకటి లోపల పెట్టి, అప్పుడు అంకె చూస్తాను. ఊపిరాడాలి కదా! లేత చెట్లకైతే రెండు వేళ్ళు. పిల్లల బట్టలకి ఎప్పుడూ రెండు వేళ్ళ వదులు వదలాలి, పెరిగే ఒళ్ళు, ఏడాది తిరక్కుండా బిగుతైపోతుంది. నలభై ఏళ్ళుగా నేను కొలిచిన చొక్కా ఎవరికీ చంకలో పట్టలేదు. మూడేళ్ళుగా ఒక్క చెట్టుకి కూడా ఈ పద్ధతి తప్పలేదు. కావాలంటే మీ ఎదురు సీటాయనకి కూడా చెప్పుకో.

మావయ్య

జూలై 29

మావయ్యా, నా మావయ్యా,

నీ ఉత్తరం బస్సులో చదివాను. మొదట ఎంత నవ్వానంటే డ్రైవరు అద్దంలోంచి చూశాడు. ఆ తర్వాత భయమేసి దిగాల్సిన స్టాపు దాటిపోయాను.

కందకి లేని దురద కత్తిపీటకెందుకు మావయ్యా? బిగుతుగా ఉందని ఏ చెట్టైనా నీతో అందా? చెట్టు కొలత చొక్కా కుట్టడానికి కాదు. లోపల కర్ర ఎంత ఉందో తెలుసుకోవడానికి. టేపు బెరడుని అంటుకునే ఉండాలి. ఇది నీకు చెప్పాల్సినవాళ్ళు చెప్పలేదు. కొలవడం వచ్చినవాడు కదా అని టేపు చేతికిచ్చి వెళ్ళిపోయారు.

ఇంటికొచ్చి బల్లకాలు మీద చేసి చూశాను. ఒక వేలుకి అంగుళం పెరిగింది, రెండు వేళ్ళకి రెండు అంగుళాల దాకా. పెద్ద చెట్టుకి అంగుళం లెక్కలోకి రాదు. ఆరంగుళాల లేత చెట్టు ఎనిమిది అయితే, లెక్కలో దాని కర్ర దాదాపు రెట్టింపవుతుంది. అంటే మన లేత చెట్లు మింగాయని మనం అమ్మిన దాంట్లో సగం వరకు అవి మింగలేదు. ఆ మేరకు ఇక్కడివాళ్ళు పొగ తగ్గిందనుకుని ఊరుకున్నారు. ఆ పొగ మాత్రం గాల్లోనే ఉంది.

నువ్వు దొంగవి కాదు. అది నాకు తెలుసు, నీకు తెలుసు. కానీ తనిఖీవాళ్ళు వచ్చి వాళ్ళంతట వాళ్ళు పట్టుకుంటే కాగితం మీద దొంగతనానికీ దీనికీ తేడా ఉండదు. కొండ మొత్తాన్ని ఒప్పందంలోంచి తీసేస్తారు.

నేను ఈ ఫైల్లో వేలు పెట్టకూడదు, కానీ తెలిసి నోరు మూసుకుని కూడా ఉండకూడదు. ఆగస్టు నెలాఖరుదాకా ఆగుతాను. ఆలోగా నువ్వు, సంఘం కలిసి మీ అంతట మీరు రాయండి. లేకపోతే నేనే చెప్పాలి. ఇది రాస్తుంటే నాకు ఏడుపొస్తోంది. నీ నోటితో నువ్వు చెబితే అది పొరపాటు అవుతుంది మావయ్యా. నేను చెబితే అది ఫిర్యాదు అవుతుంది.

నీ మేనకోడలు

ఆగస్టు 11

గుండుసూదీ,

నీ ఉత్తరం చదివి టేపు తీసుకుని ఒక్కణ్ణే కొండెక్కాను. పాలావిడ వాలులో మొదటి చెట్టుకి వేలు పెట్టకుండా చుట్టాను. పదకొండు. నా పుస్తకంలో పదమూడు. రెండో చెట్టు, మూడోది, నాలుగోది. ఇరవై చెట్ల తర్వాత ఆపేశాను. నాకు సిగ్గేసింది. చేసినదానికి కాదు, అంత గర్వంగా చేసినందుకు.

సంఘాన్ని పిలవమన్నాను. ఫారాలు, రంగు డబ్బాలు పేర్చి ఉన్న ఆ ఇరుకు గదిలో నలభై మంది నిలబడ్డారు. ప్రెసిడెంటు నడుం చుట్టూ టేపు చుట్టి, వేలుతో ఒకసారి, వేలు లేకుండా ఒకసారి చదివి చూపించాను. కాసేపు నవ్వారు. నవ్వు నాలుగు విధాల చేటని ఊరికే అనలేదు, సంగతి అర్థమయ్యాక ఒక్కరూ నవ్వలేదు.

పాలావిడ అంది: "అన్నా, నువ్వు వదిలిన వదులు మేము తినేశాం. నర్సమ్మ జీతం అందులోంచే పోయింది. ఇప్పుడు కుట్లు విప్పి తిరిగిమ్మంటే ఎక్కణ్ణుంచి తెచ్చేది? మా ఆయన్ని మళ్ళీ బస్సెక్కించాలా?" ఆవిడ పాలగిన్నె తీసుకుని వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో పాలు పోయడం లేదు.

ఉత్తరం రాయడానికి రెండు రోజులు పట్టింది. కొందరు వద్దన్నారు, తనిఖీవాళ్ళు కొలిచే వంద చెట్లలో మనవి పెద్దవే పడొచ్చుగా అన్నారు. నేను, "మీరు సంతకాలు పెట్టకపోయినా నా ఒక్కడి సంతకంతో పంపుతాను" అన్నాను. చివరికి ముప్ఫై ఒక్క సంతకాలు పడ్డాయి. పాలావిడది లేదు. నిన్న సంఘం కంప్యూటర్లోంచే పంపించాం.

కొలిచే పని మానేస్తానని టేపు బల్లమీద పెట్టేశాను. నిజం చెప్పాలంటే ఇంకో కారణం ఉంది. కొండ మీద ఆ ఇరవై చెట్లూ కొలుస్తుంటే నాలుగుసార్లు వేలు దానంతటది లోపలికి వెళ్ళిపోయింది. మొక్కై వంగనిది మానై వంగుతుందా?

జూలై రెండున రాసిన ఉత్తరం చింపెయ్యి. నిన్ను "గారు" అన్నాను చూడు, అది బాగా కుచ్చుకుంటోంది నాకు.

మావయ్య

ఆగస్టు 24

మావయ్యా,

చింపను. ఆ "గారు" నా జీవితంలో నీ నోట మొదటిసారి వచ్చిన గౌరవం, దాచుకుంటాను.

మీ ఉత్తరం ఎదురు సీటాయన పేరున వచ్చింది. ఆయన నాతో ఏమీ అనలేదు, అనకూడదు. పై అధికారే పిలిచాడు. ముందుగా అడిగిన ప్రశ్న, "నీకెప్పుడు తెలిసింది?" అని. జూలై ఇరవై తొమ్మిదిన అన్నాను. మరునాడే ఎందుకు చెప్పలేదన్నాడు. మా మావయ్య చెప్పాలని ఆగాను అన్నాను. నా ఫైల్లో ఒక హెచ్చరిక కాగితం పడింది. న్యాయమే. నువ్వు బెంగపడకు, ఉద్యోగం ఉంది.

ఇక కొండ సంగతి. ఒప్పందంలోంచి తీసెయ్యడం లేదు. మూడేళ్ళలో ఎక్కువ పడిందంతా రాబోయే డబ్బులోంచి తగ్గిస్తారు. అంటే ఈ ఏడాది మీకేమీ రాదు, వచ్చే ఏడాది సగం. తనిఖీవాళ్ళు రాకముందే మొత్తం చెట్లు మళ్ళీ కొలవాలి, టేపు చెట్టు సొంతదారే పట్టుకోవాలి, ఇంకొకరు రాయాలి. లేచి వస్తుంటే ఆయన అన్నాడు, ఇన్నేళ్ళలో తప్పు మేమే చేశామని తనిఖీకి ముందు వచ్చిన ఉత్తరం తాను చూడటం ఇదే మొదటిసారట. అని కిటికీ వైపు తిరిగిపోయాడు.

నర్సు గది ఏమవుతుందో నాకు తెలియదు. అందుకే ఈ ఉత్తరంలో సంతోషం రాయలేకపోతున్నాను. నిన్ను నలభై మంది ముందు నిలబెట్టింది నేనే. నీకు కోపం ఉంటే ఉండనీ, కానీ రాయడం మానకు.

గుండుసూది

సెప్టెంబరు 8

గుండుసూదీ,

కోపం లేదు. ఉన్న కోపమంతా జూలైలోనే ఖర్చయిపోయింది.

నర్సమ్మ వారానికి ఆరు రోజులకి బదులు మూడు రోజులు వస్తుంది. మిగతా రోజులకి తలా ఇంత వేసుకుందామంటే కొందరు వేశారు, కొందరు లేదు. పాలావిడకి ఇంజెక్షన్ వెయ్యడం నర్సమ్మ నేర్పుతోంది. గదికి తాళం పడలేదు, అంతవరకే చెప్పగలను.

రాయడానికి ఎవరూ ముందుకు రాలేదు. రోజుకి మూడు వందల చెట్లు, పైగా అన్నీ తగ్గే అంకెలే, ఎవరికి సరదా? ప్రెసిడెంటు నా వైపు చూడకుండానే నా పేరు చెప్పాడు. ఎవరూ అడ్డు చెప్పలేదు, అలాగని సరే అన్నవాళ్ళూ లేరు. పుస్తకం, పెన్సిలు పట్టుకుని వెళ్ళాను. జాబితాలో మొదటిది పాలావిడ వాలే.

ఆవిడ అప్పటికే వచ్చి చెట్టు దగ్గర నిలబడి ఉంది. మూడు వారాలుగా మా మధ్య మాట లేదు. నేను టేపు ఇచ్చాను. ఆవిడ గీత మీద చుట్టి, బెరడు నొక్కుకునేదాకా లాగింది. నేను నాలుగడుగుల దూరంలో ఉన్నాను. అంకె ఆవిడకే కనిపిస్తుంది, నాకు కనిపించదు. పన్నెండు అన్నా పన్నెండే రాసేవాణ్ణి, ఆ సంగతి ఆవిడకీ తెలుసు. కాసేపు ఆ టేపు వైపే చూస్తూ ఉంది.

"పదకొండు" అంది. నా చెవి సంగతి గుర్తొచ్చిందేమో, మళ్ళీ గట్టిగా కొండంతా వినబడేలా అంది: "పదకొండు, రాయి."

రాశాను. రాశాక తల ఎత్తలేకపోయానే. పుస్తకం మీద నీళ్ళు పడ్డాయి, ఆ పేజీ చూస్తే మీ ఎదురు సీటాయన వాన అనుకుంటాడు, అనుకోనీ. ఆవిడ టేపు విప్పి రెండో చెట్టు వైపు నడుస్తూ వెనక్కి తిరిగి అంది:

"అక్కడే నిలబడ్డావేం అన్నా? ఇంకా నాలుగు వేల చెట్లున్నాయి, రా."

వెళ్తున్నాను. ఇంకా పద్దెనిమిది వందలు మిగిలాయి. మోకాళ్ళు నొప్పెడుతున్నాయి, ఉంటాను.

మావయ్య